పండగ కాని మామిడి

ఏప్రిల్ 3, గురువారం

అమ్మ వచ్చింది. జంగారెడ్డిగూడెం బస్సు దిగి నా మొహమైనా చూడకుండా నేరుగా పొట్ట మీద చెయ్యి వేసింది. బస్టాండు నిండా జనం. "అమ్మా, ఇది ఊరు కాదు, ఏలూరు" అన్నాను. "నీకు ఏలూరు. లోపలున్నదానికి ఏ ఊరో ఇంకా తెలీదుగా" అంది.

సంచి మొయ్యలేక మోసుకొచ్చింది. ఏముందా అని చూస్తే పునరావాస కాలనీలో ఇచ్చిన రేషన్ బియ్యం. నర్సు ఉద్యోగం చేస్తున్న కూతురింటికి బియ్యం మోసుకొచ్చే మనిషిని ఈవిడనే చూశాను. ఇదివరకైతే ఇప్పపువ్వు, తేనె, ఎండబెట్టిన వెదురుకొమ్ములు తెచ్చేది. "అడివెక్కడుందే తేడానికి" అని ఊరుకుంది. 

రూబెన్ కైకలూరు ఐస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి "బాగున్నారా అత్తయ్యగారూ, ప్రయాణం బాగా జరిగిందాండీ?" అంటే తలుపు చాటుకి వెళ్ళిపోయింది. పెళ్ళయి నాలుగేళ్ళయినా అల్లుడంటే ఇంకా సిగ్గే.

ఏడో నెల నడుస్తోంది. ఇంతకుముందు రెండుసార్లూ ఇంతదాకా రానేలేదు. ఇక ఆ సంగతి రాయను.

ఏప్రిల్ 6, ఆదివారం

వచ్చి మూడు రోజులు కాలేదు, గొడవ మొదలైంది.

రూబెన్ కలెక్టర్ మామిడికాయలు తెచ్చాడు. అమ్మ వాటిని సంచితో సహా గుమ్మం బయట పెట్టేసింది. "అల్లుడు తినొచ్చు. ఆయన దేవుడు వేరు. నువ్వు మాత్రం ముట్టుకోకు" అంది. పండగ కాకుండా మామిడి తినకూడదు. ఊరంతా ఒకచోట చేరి, పూజారి మొదటి కాయ వేల్పుకి పెట్టాక, అప్పుడు ఇంటింటా కోసుకుంటారు. అంతవరకు చెట్టు కింద రాలిన కాయనైనా ఎవరూ ఏరుకోరు. ఇదంతా ఎవరికి చెబుతున్నాను? నాన్నే ఆ పూజారి. ఆ మొదటి కాయ కోసి నాన్న చేతికి ఇచ్చే ఇంట్లో పుట్టినదాన్ని.

కానీ పండగేది? ప్రాజెక్టు వచ్చింది, ఇప్పలపాడు నీళ్ళలోకి పోయింది. సగం మందికి పైకాలనీలో ఇళ్ళు ఇచ్చారు, సగం మందికి రోడ్డుకాలనీలో. చెట్లకి డబ్బులు కట్టారు, గొడ్లపాకలకి కట్టారు. వేల్పుకి ఏం కడతారు, ఆవిడ రాయి అక్కడే ఉండిపోయింది. కాలనీకి వచ్చిన మొదటి వానాకాలంలోనే నాన్న పోయాడు. ఇక పండగ చెయ్యాల్సింది ముత్తయ్య చిన్నాన్న. పైకాలనీ వాళ్ళు మా దగ్గర చెయ్యమంటారు, రోడ్డుకాలనీ వాళ్ళు మా దగ్గరంటారు. ఒక కాలనీ వాళ్ళు ఇంకో కాలనీ గడప తొక్కరు. మూడు వేసవులుగా పండగ లేదు. మూడు వేసవులుగా అమ్మ నోట్లో మామిడి ముక్క పడలేదు.

మరి నేనా? నర్సింగ్ హాస్టల్లో అందరితోపాటే తినేదాన్ని, ఊళ్ళో పండగ ఈపాటికి అయిపోయి ఉంటుందిలే అని. తరవాత పండగ లేదని తెలిసీ తిన్నాను. చదువుకున్నదాన్ని. మామిడికాయకీ కడుపుకీ సంబంధమేంటి?

రెండుసార్లూ పోయింది వేసవిలోనే. వేసవిలో డ్యూటీలు ఎక్కువ, ఎండలు, నీరసం. కారణం అదే.

ఏప్రిల్ 9, బుధవారం

మామిడి మానేశాను. ఎసిడిటీ వల్ల.

ఏప్రిల్ 15, మంగళవారం

పక్కింటి గౌసియాగారు మెట్ల మీద కూర్చుని పచ్చిమామిడి ముక్కలకి ఉప్పూకారం అద్దుతోంది. జాకెట్లు కుట్టడం ఆపి మరీ ఆ పని పెట్టుకుంది. ఒక ముక్క నా ముందుకి చాచింది. నోట్లో నీళ్ళు ఊరి గొంతు దాకా వచ్చాయి.

"వద్దండీ, ఎసిడిటీ" అన్నాను.

"కడుపుతో ఉన్న మనిషి పచ్చిమామిడి వద్దనడం నేనెక్కడా చూళ్ళేదండీ. నర్సులకి వేరే కడుపు ఇస్తారేంటి?" అని నవ్వింది.

అమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. కానీ చేట మీద చెయ్యి ఆగింది, చూశాను.

ఏప్రిల్ 16, బుధవారం

ఇవాళ కూడా ఎసిడిటీయే.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టర్. రూబెన్ చర్చి నుంచి వచ్చాక, అమ్మకి కొల్లేరు చూపిస్తానని బండి తీశాడు. నేను వెళ్ళకూడదు. స్కాన్‌లో మాయ కిందికి ఉందని చెప్పారు, కుదుపులు పనికిరావు. ఇద్దరూ కొల్లేటికోట దాకా వెళ్ళి పొద్దు వాలేసరికి వచ్చారు. దారిలో చేపల చెరువులు, పక్షులు, మేత బస్తాలు అన్నీ చూపించాడట. అమ్మ కోట దగ్గర నీళ్ళకేసి చాలాసేపు చూసి ఒక్క మాట అడిగిందట.

"దీని కింద ఏ ఊరుంది అల్లుడూ?"

రూబెన్ ఈ సంగతి వంటింట్లోకి వచ్చి నెమ్మదిగా చెప్పాడు. "ఏ ఊరూ లేదండీ, ఇది ఎప్పట్నుంచో చెరువేనండీ అని చెప్పాను మంగా. నమ్మినట్టు లేరు" అన్నాడు. చెబుతుంటే అతని కళ్ళు తడయ్యాయి. అల్లుడితో ఆవిడ నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

అన్నం దగ్గర అమ్మ ఎప్పటిలాగే ఉంది. నా పొట్టకి దగ్గరగా వంగి కోయ మాటల్లో ఏదో చెప్పింది. ఏం చెప్పావంటే "నీకెందుకు, మా ఇద్దరి మాట" అంది. నాకు సగం అర్థమైంది, సగం మరిచిపోయాను. నా భాష నాకే సగం రావడం ఏంటో. ఏడుపొచ్చింది. ఈ నెలల్లో ఏడుపు మామూలేలే.

ఏప్రిల్ 27, ఆదివారం

అమ్మ నా ఫోన్‌లో చిన్నాన్నతో మాట్లాడింది. మాట్లాడిందంటే అరిచింది. ఫోన్‌లో అరిస్తేనే అవతలికి వినపడుతుందని ఆవిడ నమ్మకం. వీధి మొత్తం విన్నది.

"పిల్ల కడుపుతో ఉంది ముత్తయ్యా! ఈ ఏడైనా చెయ్యండి!"

"ఎక్కడ చెయ్యాలి వదినా? వేల్పు నీళ్ళలో కూర్చుంది. ఎవరి ముందు పెట్టాలి కాయ?"

"మట్టి మీద పెట్టు! మట్టి కూడా లేదా మీ కాలనీలో?"

"మట్టి ఉంది, మనుషులే లేరు. ఆ కాలనీ వాళ్ళు రారు. సగం ఊరుతో చేస్తే అది పండగ కాదు. అన్న ఉంటే అన్న కూడా చెయ్యడు."

నాన్న పేరు ఎత్తేసరికి అమ్మ ఫోన్ నా చేతికి ఇచ్చేసింది. ఆపడం ఆవిడకి రాదు.

మే 1, గురువారం

బిడ్డ తంతోంది. అమ్మ చెయ్యి వేస్తే ఇంకా గట్టిగా తంతోంది. బాగా ఎరిగిన మనిషిలా.

మే 3, శనివారం

గౌసియాగారు పులిహోర పంపింది. అమ్మ దుకాణానికి వెళ్ళింది. తిన్నాను. నిమ్మకాయ పులిహోర.

గిన్నె కూడా కడిగేశాను. పక్కవాళ్ళ గిన్నె ఎంగిలిగా ఎలా ఇస్తాం?

మే 5, సోమవారం. ఆసుపత్రి

నిన్న తెల్లారకముందే రక్తం కనపడింది. రూబెన్ ఆటో పిలిచాడు. నేను పనిచేసే ఆసుపత్రికే తెచ్చారు. ఎప్పుడూ నేను నిలబడే వైపు కాకుండా మంచం వైపు నుంచి చూస్తే ఈ గది చాలా చిన్నది.

మాయ కిందికి ఉన్నవాళ్ళకి ఇలా జరుగుతుంది. పుస్తకంలో ఉంది. నేనే ఎంతమందికో చెప్పాను, కంగారు పడకండమ్మా, ఇది మామూలే అని. డాక్టరమ్మ గారు కూడా అదే చెప్పింది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇంజెక్షన్లు వేశారు. గుండె చప్పుడు బాగుంది. నా చెవులతో విన్నాను.

అమ్మ మంచం పక్కన కింద కూర్చుంది. ఉన్నట్టుండి నా నోట్లోంచి వచ్చేసింది. "అమ్మా, శనివారం పులిహోర తిన్నాను. మామిడి తురుము ఉందని తెలీదు."

అమ్మ నా పాదాలు రాస్తూ ఉంది. తిట్టినా బాగుండేది.

మే 6, మంగళవారం

పొద్దున లేచేసరికి అమ్మ లేదు. రూబెన్‌ని బస్సెక్కించమందట. కాలనీకి వెళ్ళింది. "ఊళ్ళో పనుంది, పిల్లని చూసుకో" అని చెప్పిందట. ఈ పరిస్థితిలో నన్ను వదిలి వెళ్ళిపోతుందా? కోపమొచ్చి మధ్యాహ్నం అన్నం తినలేదు. తరవాత బిడ్డ కోసం తిన్నాను.

నాకు భయంగా ఉంది. చదివిందంతా గుర్తుంది, అయినా భయంగా ఉంది. రెండూ ఒక మనిషిలో ఎలా పడతాయో తెలీదు.

మే 7, బుధవారం

రక్తం ఆగింది. కదలొద్దన్నారు.

ఎవరు ఏ పండు తెచ్చినా ముందు అందులో మామిడి ఉందేమో చూస్తున్నాను.

మే 8, గురువారం

అమ్మ వచ్చింది. కాళ్ళు దుమ్ముకొట్టుకుపోయి, కళ్ళు లోతుకి పోయి. పైకాలనీకి వెళ్ళిందట, రోడ్డుకాలనీకి వెళ్ళిందట, మళ్ళీ పైకాలనీకి. ఇంటింటికీ తిరిగి అడిగిందట. చేస్తామన్నవాళ్ళే అందరూ. అవతలి కాలనీకి మాత్రం రామన్నవాళ్ళూ వాళ్ళే. "ఒకళ్ళనొకళ్ళు చూసి మూడేళ్ళయిందే మంగీ. పక్కపక్క ఇళ్ళలో పుట్టినోళ్ళు. మొహాలు మరిచిపోతారేమో" అంది.

తరవాత చీర కొంగులోంచి ఒక మామిడిపండు తీసింది. ఆసుపత్రి గేటు దగ్గర బండి మీద కొన్నదట, నూజివీడు రసం. నాకు ఇస్తుందేమో అనుకుని గోడ వైపు తిరిగాను.

"ఇటు చూడు" అంది.

చూశాను. అమ్మ పండు కొరికింది. తొక్కతోనే. రసం మోచేతి దాకా కారింది. కళ్ళు మూసుకోలేదు, ఎటో చూడలేదు, నా కళ్ళలోకే చూస్తూ తింటోంది. మా అమ్మ. రాలిన కాయ మీద కాలు పడితే ఆగి దణ్ణం పెట్టుకునే మా అమ్మ. నాన్న పోయిన ఏడాది, ఇంటి ముందుకి మామిడి బుట్ట వస్తే మొహం తిప్పుకున్న మా అమ్మ. నేను లేవబోతే భుజం పట్టుకుని పడుకోబెట్టింది.

"ఇంటికి పెద్దదాన్ని నేనే. పెద్దోళ్ళు తిన్నాక ఆ తప్పు పెద్దోళ్ళదే, కిందోళ్ళ మీదకి దిగదు. మీ నాన్న చెప్పేవోడు. ఇక నీకూ లేదు, దానికీ లేదు. అంతా నాదే. నువ్వు పడుకో."

"నేనే ముందు తిన్నాను కదమ్మా."

"తెలీక తిన్నానన్నావుగా?"

దుప్పటి అంచు సర్దుకున్నాను. అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"కడుపుతో ఉన్నదానికి మామిడి పులుపేదో, నిమ్మ పులుపేదో తెలీకపోవడమేంటే. పిచ్చిదానా, తిను. మళ్ళీ తిను. నేను తిన్నాక నువ్వు ఎన్ని తిన్నా నాదే" అని టెంక దాకా చీకేసింది. "తియ్యగా ఉంది" అంది, ఆశ్చర్యంగా. అప్పుడు ఏడ్చింది.

నేనూ ఏడ్చాను. వార్డులో పక్క మంచం వాళ్ళు ఏమైందండీ, ఏమైందండీ అని అడిగితే రూబెన్ "ఏం లేదండీ, మామిడిపండు తిన్నారండీ" అని జవాబిచ్చాడు. వాళ్ళకి ఏం అర్థమై ఉంటుంది!

మే 9, శుక్రవారం

నిద్రపట్టింది. ఎన్నాళ్ళకో.

మే 12, సోమవారం

ఇంటికి పంపారు. పూర్తిగా మంచం మీదే ఉండాలట.

అమ్మకి బీపీ చూశాను. మామూలుగానే ఉంది. ఈ వయసువాళ్ళకి అప్పుడప్పుడూ చూస్తుండాలి.

మే 13, మంగళవారం

అమ్మ బీపీ మామూలే.

మే 14, బుధవారం

అమ్మ తుమ్మింది. జ్వరం చూశాను. లేదు. సాయంత్రం మళ్ళీ చూశాను. "థర్మామీటరు నోట్లో పెట్టుకునే కూర్చోనా ఇక?" అని విసుక్కుంది. గౌసియాగారు కిటికీలోంచి, "పిన్నిగారూ, మీ అమ్మాయికి డ్యూటీ లేక చేతులు దురద పెడుతున్నాయండీ, పోనివ్వండి" అంటూ నవ్వుతోంది. పులిహోర సంగతి ఆవిడకి తెలీదు, తెలియనివ్వను. మంచి మనసుతో పంపింది.

వీటన్నిటినీ నేను నమ్మను. కానీ అమ్మకి ఏమైనా అయితే నేను బతకను.

మే 16, శుక్రవారం

చిన్నాన్న ఫోన్ చేశాడు. నిప్పులు కక్కుతున్నాడు.

"మీ అమ్మ పండగ కాకుండా కాయ తిందంటగా? పూజారి పెళ్ళాం అయ్యుండి! రెండు కాలనీల్లోనూ ఇదే మాట. తల ఎత్తుకోలేకపోతున్నా!"

"ఎవరు చెప్పారు చిన్నాన్నా?"

"ఎవరు చెప్పడమేంటి? మీ అమ్మే చెప్పింది! పొద్దున్నే నాకు చేసింది. ఆ తరవాత రోడ్డుకాలనీ బంగార్రాజుకి కూడా చేసి చెప్పిందంట!"

అమ్మ కేసి చూశాను. గోరుచిక్కుళ్ళు విరుస్తోంది. గౌసియాగారి ఫోన్ అడిగి తీసుకుందట. నెంబర్లు చెబితే ఆవిడే కలిపి ఇచ్చిందట.

"తప్పు చేశాక చెప్పుకోవాలిగా" అంది. "చెప్పుకుంటే తప్పు వెయ్యాలి. కోడో, కల్లో, ఏదో ఒకటి కట్టమంటారు. మరి తప్పు వెయ్యాలంటే ఊరంతా కూర్చోవాలి. సగం ఊరు వేసిన తప్పు నేను ఒప్పుకోను. అదే చెప్పాను ముత్తయ్యకి."

దిండు మీద నుంచి తలెత్తాను.

"అమ్మా, అంటే నువ్వు ఇందుకోసం తిన్నావా?"

"నీ కోసం తిన్నాను" అంది. "చెప్పింది వాళ్ళ కోసం."

మే 21, బుధవారం

రెండు కాలనీల పెద్దలూ ఎక్కడ కూర్చోవాలా అని ఇంకా తేల్చుకోలేదట. రెండు కాలనీలకీ మధ్య ఎవరిదీ కాని మెరక నేల ఉంది, అక్కడ అనుకుంటున్నారట. మూడేళ్ళుగా తోచలేదు ఆ మెరక ఎవరికీ! పండగకి కలవనివాళ్ళు మా అమ్మని తిట్టడానికి కలుస్తున్నారు. అమ్మ మాత్రం సంతోషం పట్టలేకపోతోంది. తిట్టించుకోవడానికి కట్టుకెళ్ళే చీర ఉతికి ఆరేసింది.

మే 25, ఆదివారం

పాప. నిన్న పొద్దున. ఆపరేషన్ చేశారు.

చిన్నగా ఉంది కానీ గొంతు మాత్రం మా అమ్మదే, ఫోన్‌లో మాట్లాడినట్టు ఏడుస్తోంది. రూబెన్ ఎత్తుకోవడానికి భయపడి గోడకి అంటుకుపోయాడు. అమ్మ ఎత్తుకుని చెవిలో కోయ మాటల్లో చెప్పుకుంటూ పోయింది. ఈసారి మొత్తం విన్నాను. పాపకి మా ఊరి దారి చెబుతోంది. గోదారి గట్టు, ఇప్పచెట్ల వరస, మా గడప. నీళ్ళలో ఉన్న ఊరికి దారి. తప్పిపోకుండా మలుపు మలుపూ చెప్పింది.

ఆపలేదు నేను. ఉండనీ దానికి.

మే 31, శనివారం

అమ్మ వెళ్ళింది. రేపే ఊరు కూర్చునేది. బాలింతని వదిలి వెళ్ళడమేంటని గౌసియాగారు మొదట కేకలేసి, "సరేనండి పిన్నిగారూ, పాపని నేను చూసుకుంటాను, దిగులు పెట్టుకోకండి" అని తనే బస్సు దాకా వెళ్ళి ఎక్కించింది. "పెద్ద తప్పు వేస్తే ఏం చేస్తావమ్మా?" అని అడిగాను. "వెయ్యనీ. వాళ్ళ చేత వేయించుకోకపోతే ఇంకెవరి చేత వేయించుకుంటాను?" అంది.

జూన్ 1, ఆదివారం

సాయంత్రం ఫోన్ మోగింది. చిన్నాన్న నెంబరు, అమ్మ గొంతు. వెనక డోలు మోగుతోంది. ఏమీ వినపడలేదు మొదట.

తప్పు వేశారట. చిన్నాన్న నిలబడి గట్టిగా తిట్టాడట. పైకాలనీ వాళ్ళు తిట్టారట, రోడ్డుకాలనీ వాళ్ళు తిట్టారట. ఆడవాళ్ళు తిట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారట. ఎవరింట్లో ఎవరు పోయారో, ఎవరికి ఎవరు పుట్టారో అప్పుడు చెప్పుకున్నారట. ఇక ఎవరూ లేవలేదట. ఎలాగూ అందరం ఉన్నాం కదా అని ఎవరో అంటే, చిన్నాన్న గోదారి వైపు తిరిగి మట్టి మీద మొదటి కాయ పెట్టాడట.

"పండగ అయిపోయిందా అమ్మా?"

"అవుతోందే! ఇంకా పంచుతున్నారు!"

"నువ్వు తిన్నావా?"

"అదేగా నాకు వేసిన తప్పు! ఊరంతా తిన్నాకే నేను తినాలంట. ఆఖరి మనిషి తినేదాకా ముట్టుకోకూడదంట." నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేకపోతోంది. "ఎంతమంది ఉన్నారే మంగీ! పిల్లాజెల్లా, ముసలీముతకా, కొత్త కోడళ్ళు, నేను చూడనే చూడని పసోళ్ళు. బుట్ట వెళ్తూనే ఉంది, వెళ్తూనే ఉంది. నా దాకా ఎప్పటికొచ్చుద్దో!"

ఆ తరవాత ఎప్పటిలాగే ఫోన్ ఆపకుండానే వదిలేసింది. పాపని ఒళ్ళో వేసుకుని చాలాసేపు విన్నాను. ఎవరెవరి పేర్లో పిలుస్తున్నారు. తిన్నావా, నువ్వు తిన్నావా అని అడుగుతున్నారు.